రోగ్‌లైక్ ఆటలో దండాల రీచార్జ్‌కూ దుకాణం ధరలకూ లంకె ఎలా పెట్టాలి?

కోటగుమ్మం (హన్మకొండ)

అందరికీ నమస్కారం. మేము ముగ్గురు మిత్రులం. ఉద్యోగాలు పోగా మిగిలిన సమయంలో గొడో ఇంజన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద ఒక చిన్న రోగ్‌లైక్ ఆటను తయారు చేస్తున్నాము. కథాస్థలం ఓరుగల్లు కోట. కోట కింద సొరంగాలున్నాయని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన మాటను ఆధారం చేసుకొని, మట్టికోట దగ్గర మొదలై రాతికోట కిందుగా లోతుకు దిగే 15 అంతస్తులను ప్రతి ఆటకూ కొత్తగా పుట్టించే ఏర్పాటు చేశాము. రోగ్‌లైక్ అంటేనే అంత: పటం ప్రతిసారీ కొత్తది, ఆటగాడు చనిపోతే మళ్ళీ మొదటి అంతస్తు నుంచే ఆడాలి. నాణేనికి మాడ అని పేరు పెట్టాము.

పోరాటం, పటాల నిర్మాణం మాకు తృప్తిగానే ఉన్నాయి. చిక్కు రెండు చోట్ల వస్తోంది. మొదటిది దండాల రీచార్జ్. నిప్పుదండం, మెరుపుదండం వంటి మంత్రదండాలకు ఒక్కొక్కదానికి 3 చార్జ్‌లు, అంటే మూడుసార్లు ప్రయోగించే శక్తి, ఉంటాయి. ఖర్చయిన ప్రతి చార్జ్ 60 టర్న్‌లలో (ఒక టర్న్ అంటే ఆటగాడి ఒక కదలిక) తిరిగి నిండుతుంది. ఆడి చూసిన మిత్రులందరూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే, ఒకే పద్ధతికి వచ్చారు: ప్రతి పోరాటం తరువాత మెట్ల దగ్గరకు వెనక్కి నడిచి, ‘ఆగు’ బటన్‌ను నొక్కిపట్టి, సంచిలోని దండాలన్నీ నిండాకే ముందుకు కదులుతున్నారు. అలా చేయడం విసుగ్గా ఉందని వాళ్ళే అంటున్నారు, అయినా మానడం లేదు.

రెండవది దుకాణం. 3, 6, 9, 12 అంతస్తులలో ఒక వర్తకుడు కూర్చొని ఉంటాడు. ఏ వస్తువునైనా సగం ధరకు కొంటాడు. మా లాగ్‌ల (ఆట నమోదు చేసే వివరాల) ప్రకారం ఒక్కో అంతస్తులో నేల మీద దొరికే బంగారం సగటున 40 మాడలు కాగా, ఏరుకొచ్చిన తుప్పు కత్తులూ చిరిగిన కవచాలూ అమ్మడం వల్ల వచ్చేది సగటున 80 మాడలు. దుకాణంలో 5 వస్తువులు ఉంటాయి, వాటి సగటు ధర 60 మాడలు.

రీచార్జ్ దానంతట అది జరగకుండా, స్క్రోల్ (మంత్రం రాసిన చుట్ట) చదివితేనే జరిగేలా మార్చడం మేలా? అమ్మకాన్ని పూర్తిగా తీసివేయాలా? ఆకలి మాత్రం పెట్టదలచుకోలేదు. తిండి వెతుక్కునే ఆట మా ముగ్గురిలో ఎవరికీ ఇష్టం లేదు.

---

మెట్లబావి (వరంగల్)

కోటగుమ్మం గారూ, మీరు రెండు చిక్కులుగా చెప్పినది నా దృష్టిలో ఒకటే చిక్కు. మీ ఆటలో రెండు దుకాణాలు నడుస్తున్నాయి. ఒకటి వర్తకుడిది, అక్కడ మాడలు చెల్లించాలి. రెండవది మెట్ల దగ్గర ఉన్నది, అక్కడ టర్న్‌లు చెల్లిస్తే చార్జ్‌లు వస్తాయి. టర్న్‌లకు మీ ఆటలో విలువ ఏమీ లేదు కనుక ఆ రెండవ దుకాణంలో సరుకంతా ఉచితం. ఉచితంగా దొరికేదాన్ని వదిలి ముందుకు పొమ్మంటే ఆటగాడు ఎందుకు పోతాడు? విసుగ్గా ఉన్నా మెట్ల దగ్గర నిలబడటం మీ నియమాల ప్రకారం సరైన ఆటే.

దీన్ని లెక్కతో చూపించడానికి షాటర్డ్ పిక్సెల్ డంజన్ చాలా అనువైన ఉదాహరణ. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది, కాబట్టి నేను చెప్పేదాన్ని మీరే సరిచూసుకోవచ్చు. అందులో దండం చార్జ్ నిండటానికి పట్టే టర్న్‌లు ఒక సూత్రం ప్రకారం వస్తాయి: 10 టర్న్‌లు స్థిరం, దానికి 40ని 0.875 యొక్క ఘాతంతో గుణించి కలుపుతారు, ఎన్ని చార్జ్‌లు ఖాళీగా ఉంటే అంత ఘాతం. ఒక్క చార్జ్ ఖాళీగా ఉంటే 45 టర్న్‌లు, మూడు ఖాళీగా ఉంటే సుమారు 37 టర్న్‌లు. అంటే ఖాళీ దండం త్వరగా మొదలై, నిండేకొద్దీ నెమ్మదిస్తుంది. చివరి చార్జ్ కోసం నిలబడటమే అన్నిటికంటే ఖరీదైన నిరీక్షణ అవుతుంది కనుక, సగం నిండిన దండంతోనే కదలమని ఆట మెల్లగా తోస్తుంది. మీ 60 టర్న్‌ల సమాన గడువులో ఆ తోపు లేదు.

ఇక ఆకలి. అందులో 300 టర్న్‌లకు ఆకలి మొదలవుతుంది, 450 టర్న్‌లకు ప్రాణం తగ్గడం మొదలవుతుంది. ఒక భోజనం 300 టర్న్‌ల ఆకలిని తీరుస్తుంది. ఆ భోజనం 6వ అంతస్తు దుకాణంలో 100 నాణేలు. ఇప్పుడు భాగహారం చేయండి: 300 టర్న్‌లలో 45 టర్న్‌ల చార్జ్‌లు ఆరుకు పైగా వస్తాయి, అంటే నిలబడి సంపాదించిన ఒక్కో చార్జ్ వెల సుమారు 15 నాణేలు. 16వ అంతస్తులో అదే భోజనం 200 నాణేలు కనుక అక్కడ ఒక్కో చార్జ్ 30 నాణేలు పడుతుంది. ఆట ఈ అంకెను ఎక్కడా రాసి చూపించదు. అయినా కొన్నాళ్ళు ఆడినవారి చేతికి అది తెలిసిపోతుంది.

మీకు ఆకలి వద్దంటే మానండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆకలి చేసే పని, అంటే కాలానికి వెల కట్టే పని, ఇంకొకటి ఏదో చేయాలి. అది లేకుండా రీచార్జ్‌ను 60 టర్న్‌ల నుంచి 200 టర్న్‌లకు పెంచినా ప్రయోజనం ఉండదు. బటన్‌ను ఇంకాస్త ఎక్కువసేపు నొక్కిపడతారు, అంతే. (చాలా ఆటల చర్చలలో ‘రీచార్జ్ నెమ్మది చేయండి’ అనే సలహా ఎందుకంత తేలికగా వస్తుందో నాకు ఎప్పుడూ అంతుపట్టదు.)

బ్రోగ్ ఆటను కూడా చూడమని చెబుతాను. అందులో దండాలు రెండు రకాలు. స్టాఫ్‌లు కాలంతో పాటు నిండుతాయి, వాటి స్థాయి పెరిగేకొద్దీ చార్జ్‌ల సంఖ్య, నిండే వేగం రెండూ పెరుగుతాయి. వాండ్‌లు మాత్రం అలా నిండవు, ఉన్న కొద్ది చార్జ్‌లతోనే సరి. అందులో దుకాణమే లేదు. బంగారం కేవలం స్కోరు కోసం. అయినా ఆట గట్టిగా నిలబడింది, ఎందుకంటే తిండి ఎంత లోతుకు ఎంత దొరకాలో ఆటే లెక్కగట్టి పెడుతుంది, ఊరికే నిలబడినవాడికి ఆ లెక్క కలిసిరాదు.

---

కాజీపేట జంక్షన్ (కాజీపేట)

మెట్లబావి గారి లెక్క బాగుంది. అయితే కాలంతో నిండే పద్ధతి ఒక్కటే ఉన్నట్టుగా చర్చ సాగడం నాకు సమ్మతం కాదు. ప్రశ్నలో స్క్రోల్ ద్వారా రీచార్జ్ మాట కూడా ఉంది. దాన్ని చక్కగా చేసిన ఆట నెట్‌హ్యాక్. 1987 నుంచి ఉన్న ఆట, ఇప్పటికీ నేర్చుకోవలసింది అందులో మిగిలే ఉంది.

నెట్‌హ్యాక్‌లో దండం తనంతట తాను నిండదు. గురిపెట్టి ప్రయోగించే దండాలు 4 నుంచి 8 చార్జ్‌లతో వస్తాయి. అయిపోయాక చార్జింగ్ స్క్రోల్ ఒక్కటే దారి. ప్రతిసారీ రీచార్జ్ చేసినప్పుడు, ఇంతకు ముందు ఎన్నిసార్లు చేశారో ఆ సంఖ్య ఘనాన్ని 343తో భాగించగా వచ్చే సంభావ్యతతో దండం పేలిపోతుంది. రెండవసారి చేస్తే 343లో ఒక వంతు, అంటే లెక్కలోకి రాదు. నాలుగవసారి చేస్తే 343లో 27 వంతులు, దాదాపు 8 శాతం. ఆరవసారికి 36 శాతం దాటుతుంది. ఎనిమిదవసారి పేలడం ఖాయం. కోరికలు తీర్చే దండానికైతే ఒక్కసారే అవకాశం, రెండవ ప్రయత్నంలో తప్పకుండా పేలుతుంది. ఇక్కడ ఆటగాడు చెల్లించేది కాలం కాదు, తన వస్తువును పణంగా పెడుతున్నాడు. మెట్ల దగ్గర నిలబడటం వల్ల ఒరిగేదేమీ లేదు కనుక ఎవరూ నిలబడరు. పూర్తిగా ఖాళీ అయిన దండాన్ని కూడా పదే పదే ఝళిపిస్తూ పోతే 121లో ఒక వంతు అవకాశంతో చివరి చార్జ్ ఒకటి బయటకు వచ్చి దండం మట్టిలో కలుస్తుంది. అది పక్కా విసుగు పని, దాన్ని మాత్రం మీరు అనుకరించవద్దు.

అమ్మకం సంగతి. ‘అమ్మకం తీసివేయాలి’ అనే మాటతో నాకు పెద్ద పేచీ ఉంది. నెట్‌హ్యాక్ దుకాణం కేవలం సరుకు అమ్మే చోటు కాదు, సమాచారం ఇచ్చే చోటు. గుర్తు తెలియని స్క్రోల్‌ను వర్తకుడి ముందు పెడితే అతను చెప్పే ధరను బట్టి అది ఏమై ఉంటుందో ఊహించవచ్చు. మూల ధర 20 అయితే అది వస్తువులను గుర్తించే స్క్రోల్. 300 అయితే నాలుగింటిలో ఒకటి: చార్జింగ్ కావచ్చు, ఒక జాతి రాక్షసులను తుడిచిపెట్టేది కావచ్చు, విషపు పొగ కావచ్చు, కాలికి ఇనుప గుండును తగిలించే శిక్ష కూడా కావచ్చు. కావలసినదీ వద్దనుకున్నదీ ఒకే ధరలో ఉండటం వల్ల, ధర తెలిసిన తరువాత కూడా చదవాలా వద్దా అనే తర్జనభర్జన మిగిలే ఉంటుంది. పైగా వర్తకుడు సాధారణంగా సగం ధర ఇస్తాడు, అప్పుడప్పుడు మూడవ వంతే ఇవ్వజూపుతాడు. కొనేటప్పుడేమో ఆటగాడి ఆకర్షణ గుణాన్ని బట్టి ధర మారుతుంది: 11 నుంచి 15 వరకు ఉంటే మూల ధర, 18 దాటితే సగం, 6 కంటే తక్కువైతే రెట్టింపు. ఇన్ని మెలికలు ఉండటం వల్ల ధర నుంచి అసలు వస్తువును రాబట్టడం ఒక విద్య అయింది.

మీ ఆటలో గుర్తు తెలియని వస్తువులు ఉన్నాయా లేదా మీరు చెప్పలేదు. ఉంటే అమ్మకాన్ని తీసివేయకండి, అదుపు చేయండి. నెట్‌హ్యాక్ వర్తకుడి దగ్గర మొదట 1030 నుంచి 4000 నాణేల వరకే ఉంటాయి. అవి అయిపోతే నగదు బదులు, ఇవ్వవలసిన దానిలో 90 శాతాన్ని ఖాతాలో జమ రాస్తానంటాడు, ఆ జమ ఆ దుకాణంలోనే చెల్లుతుంది. వర్తకుడి గల్లాపెట్టెకు అడుగు ఉండాలి, అంతే.

---

కోటగుమ్మం (హన్మకొండ)

ఇద్దరికీ ధన్యవాదాలు. అడిగినదానికి సమాధానం: గుర్తు తెలియని స్క్రోల్‌లు, కషాయాలు ఉన్నాయి. దండాలు మాత్రం చూడగానే తెలిసిపోతాయి. దండాలు పేలిపోవడం మా ఆటకు సరిపోదని అనుకుంటున్నాము, ఎందుకంటే ఒక ఆటలో ఆటగాడికి దొరికే దండాలే రెండో మూడో. ఒకటి పేలితే ఆ ఆట దాదాపు ముగిసినట్టే.

కాలానికి వెల కట్టాలనే మాట మీద ముగ్గురమూ కూర్చొని ఆలోచించాము. ఆటగాడి చేతిలో ఇప్పటికే ఒక నూనె దీపం ఉంది. ప్రస్తుతానికి అది అలంకారం మాత్రమే, వెలుతురు ఎప్పటికీ తగ్గదు. ఆ దీపంలో నూనె తరిగేలా చేసి, వర్తకుడు నూనె అమ్మేలా పెడితే ఆకలి చేసే పని అది చేస్తుందా? సొరంగం కథకు కూడా అతుకుతుంది. అయితే అంకెలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఒక్కో అంతస్తును చూడటానికి, నిలబడిన కాలాన్ని తీసివేస్తే, ఆటగాళ్ళు సుమారు 400 టర్న్‌లు తీసుకుంటున్నారు.

---

లోయర్ మానేరు (కరీంనగర్)

దీపం ఆలోచన చాలా మంచిది. దాన్ని వదలకండి. అంకెలు నేను వేసి చూపిస్తాను, మీరు సవరించుకోండి.

నూనెను గిద్దెలలో కొలుద్దాము. నాలుగు గిద్దెలు ఒక సోల అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తుంది కనుక, సోల సీసా నాలుగు గీతలతో తెర మీద కనిపిస్తే ఎవరికీ వివరించనక్కరలేదు. ఒక గిద్దె 240 టర్న్‌లు వెలుగుతుంది, వర్తకుడి దగ్గర 20 మాడలు. మీ చార్జ్ 60 టర్న్‌లు కనుక ఒక గిద్దెకు 4 చార్జ్‌లు, అంటే నిలబడి సంపాదించిన చార్జ్ ఒక్కొక్కటి 5 మాడలు. ఇది మీ ఆటలో చార్జ్‌కు మూల ధర. ఇకమీదట రీచార్జ్‌కు సంబంధించిన ఏ అంకెనైనా ఈ 5 మాడల పక్కన పెట్టి చూడండి.

రెండు దుకాణాల మధ్య మూడు అంతస్తులు, అంటే 1200 టర్న్‌లు. దానికి సరిగ్గా 5 గిద్దెలు కావాలి. వీటిలో 4 గిద్దెలు నేల మీదే దొరికేలా ఖాయం చేయండి. ఇక్కడ సంభావ్యతకు వదిలేస్తే దురదృష్టవంతుడు తన తప్పు లేకుండానే చీకట్లో చస్తాడు. ఐదవ గిద్దెను కొనుక్కోవాలి. అమ్మకం సంగతిని కాసేపు పక్కన పెడితే, మూడు అంతస్తులలో దొరికిన బంగారం 120 మాడలు, నూనెకు 20 పోగా 100 మిగులుతాయి. 60 మాడల వస్తువు ఒకటి కొని, మిగిలిన 40 మాడలను ఏం చేయాలా అని ఆలోచించే స్థితి అది. ఇప్పుడు మెట్ల దగ్గర నిలబడి 12 చార్జ్‌లు నింపుకున్నవాణ్ణి చూడండి: 720 టర్న్‌లు, 3 గిద్దెలు, 60 మాడలు. అంటే దుకాణంలో ఒక వస్తువును సరిగ్గా వదులుకున్నాడు. నిలబడటం నిషేధం కాదు, అవసరమైనప్పుడు నిలబడతాడు, కానీ ప్రతిసారీ నిలబడడు.

ఒక్క ప్రమాదం ఉంది. సంచిలో ఉన్న దండాలన్నీ ఒకేసారి నిండుతున్నాయని మీ మొదటి సందేశాన్ని బట్టి అర్థమైంది. అలాగైతే మూడు దండాలున్నవాడికి అదే గిద్దె 12 చార్జ్‌లు ఇస్తుంది, చార్జ్ వెల 2 మాడల కంటే తక్కువకు పడిపోతుంది. దండాలు పెరిగేకొద్దీ నిరీక్షణ చవక అవుతుంది, ఆట సాగేకొద్దీ మీ పాత చిక్కు మళ్ళీ మొలుస్తుంది. చేతిలో పట్టుకున్న దండం ఒక్కటే నిండాలి అనే నియమం పెట్టండి. దానివల్ల ఏ దండం పట్టుకొని నడవాలి అనే చిన్న నిర్ణయం కూడా ఉచితంగా దొరుకుతుంది. నిండేకొద్దీ నెమ్మదించే సూత్రం గురించి మెట్లబావి గారు చెప్పింది దీనికి జతచేయవచ్చు, కానీ ముందు సమాన గడువుతోనే పరీక్షించండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

వర్తకుడి చేత అప్పటికప్పుడు రీచార్జ్ చేయించే సేవ కూడా పెట్టండి. ధర 5 మాడల కంటే ఎక్కువే ఉండాలి, ఎందుకంటే అతను అమ్ముతున్నది నూనెను మాత్రమే కాదు, నిలబడే విసుగు లేకపోవడాన్ని కూడా. మొదటిసారి 8 మాడలు, తరువాత ప్రతిసారీ 4 మాడలు పెంచుతూ, ఆ పెరుగుదలను ఆట మొత్తానికీ కొనసాగించండి. స్లే ద స్పైర్ అనే కార్డుల ఆటలో కార్డు తొలగించే సేవ 75 నాణేలతో మొదలై, వాడినప్పుడల్లా 25 పెరుగుతుంది. దుకాణంలో ఎప్పుడూ దొరికే సేవ ఒక్కటే మేలైన ఎంపిక కాకుండా ఆ పెరుగుదల కాపాడుతుంది.

ఇప్పుడు అమ్మకం. మీ లాగ్‌లోని అంకెలే తీర్పు చెబుతున్నాయి. అంతస్తుకు 40 నేల మీద, 80 అమ్మకంలో, మొత్తం 120. మూడు అంతస్తులకు 360. దుకాణంలో సరుకంతా కలిపి 300. ఆటగాడు దుకాణాన్ని మొత్తంగా కొని 60 మాడలతో బయటకు వస్తున్నాడు, అంటే ఎంచుకోవలసిన అవసరమే లేదు. డంజన్ క్రాల్ స్టోన్ సూప్‌లో దుకాణాలు ఏ వస్తువునూ కొనవు. ఆంగ్‌బ్యాండ్‌లో అమ్మకాన్ని నిలిపివేసే ఎంపిక ఉంది, అది పెట్టుకుంటే దుకాణం వస్తువును తీసుకుంటుంది కానీ డబ్బు ఇవ్వదు, దానికి బదులు నేల మీద దొరికే బంగారం పెరుగుతుంది. తుప్పు కత్తులను మూడు అంతస్తులు మోయించి సగం ధర ఇవ్వడంలో ఆటగాడికి దొరికేది కూలి మాత్రమే. నా సలహా: ఆయుధాలు, కవచాల అమ్మకం తీసివేయండి.

---

కాజీపేట జంక్షన్ (కాజీపేట)

ఆయుధాల విషయంలో ఒప్పుకుంటాను. స్క్రోల్‌లు, కషాయాల విషయంలో ఒప్పుకోను. గుర్తు తెలియని కషాయాన్ని వర్తకుడికి చూపించి ధర తెలుసుకోవడం మీ ఆటకు మంచి రుచినిస్తుంది. దానికోసం డబ్బు ఎక్కువ ఇవ్వనక్కరలేదు. షాటర్డ్ పిక్సెల్ డంజన్‌లో 30 విలువ గల స్క్రోల్‌ను ఎక్కడ అమ్మినా 30 నాణేలే వస్తాయి, కొనాలంటే మాత్రం 6వ అంతస్తులో 300, 11వ అంతస్తులో 450, 16వ అంతస్తులో 600. అమ్మకపు ధర కదలదు, కొనుగోలు ధర లోతుతో పెరుగుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు అమ్మకం ఎవరినీ ధనవంతులను చేయదు.

మీరు సగం ధర అనే ఒకే అంకె పట్టుకొని ఉన్నారు కాబట్టి ఇంకొక మాట. ఒకే రకం వస్తువును వరుసగా అమ్ముతుంటే ధర తగ్గాలి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ఒక్కసారిగా పోటెత్తిన రోజున రేటు ఎలా దిగుతుందో మన జిల్లాలో ఎవరికీ చెప్పనవసరం లేదు, మీ వర్తకుడు కూడా అలాగే ప్రవర్తిస్తే ఆటగాళ్ళు ఒక్క చూపులో అర్థం చేసుకుంటారు. మొదటి కషాయానికి మూడవ వంతు, రెండవదానికి ఆరవ వంతు, మూడవది వద్దంటాడు. సమాచారం మొదటి దానితోనే వచ్చేస్తుంది కనుక ఆటగాడికి నష్టమేమీ లేదు.

ధరల పట్టికను వర్తకుడి పక్కన రాతి పలక మీద చూపించడం కూడా ఆలోచించండి. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయ శాసనంలో గంధం, కర్పూరం, ముత్యాల వంటి సరుకులపై తీసుకునే సుంకాలను ముందుగానే ప్రకటించారు. ఓరుగల్లు కథకు దుకాణం పలక అంతకంటే సహజంగా ఎలా కుదురుతుంది? రీచార్జ్ ధర పెరిగినప్పుడు పలక మీది అంకె మారితే చాలు, వేరే సందేశం అక్కరలేదు.

---

పాకాల (నర్సంపేట)

ఇంత లెక్క అవసరం లేని దారి ఒకటి ఉంది, అందుకే చెబుతున్నాను. ద బైండింగ్ ఆఫ్ ఐజాక్‌లో ప్రయోగించే వస్తువులు చాలావరకు టర్న్‌లతోనో సెకన్లతోనో నిండవు. శత్రువులను తుదముట్టించి ఒక గదిని గెలిస్తే ఒక చార్జ్. కొన్ని వస్తువులకు ఆరు గదులు కావాలి. ఎంటర్ ద గంజన్‌లో చాలా వస్తువులు శత్రువులకు చేసిన నష్టాన్ని బట్టి నిండుతాయి. డంజన్ క్రాల్ స్టోన్ సూప్‌లో కూడా కొన్ని వస్తువులు ఆటగాడు అనుభవాన్ని సంపాదించినప్పుడే తిరిగి సిద్ధమవుతాయి. వీటిలో నిలబడేవాడికి ఏమీ రాదు. ఐజాక్ దుకాణంలో చార్జ్ నింపే చిన్న బ్యాటరీ 5 నాణేలకు దొరుకుతుంది, మామూలు వస్తువు 15 నాణేలు. చార్జ్‌కూ వస్తువుకూ మధ్య మారకం రేటు అక్కడ బాహాటంగా కనిపిస్తుంది.

దీపం పద్ధతినే ఎంచుకుంటే ఒక జాగ్రత్త. నూనె అయిపోగానే ఆటగాణ్ణి చంపకండి. చూపు రెండు గడులకు తగ్గిపోవడం, దండం నిండటం ఆగిపోవడం చాలు. చీకట్లో తడుముకుంటూ తరువాతి దుకాణం వరకు చేరుకున్నవాడు ఆ ఆటను నలుగురికీ చెప్పుకుంటాడు.

---

మెట్లబావి (వరంగల్)

పాకాల గారు చెప్పిన గదుల పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. ఐజాక్‌లో శత్రువులు ఉన్న గదిలో అడుగుపెడితే తలుపులు మూసుకుంటాయి, పోరాటం గెలిచేదాకా తెరుచుకోవు. అందుకే ‘గది గెలవడం’ అనే సంఘటనకు స్పష్టమైన హద్దు ఉంటుంది. కోటగుమ్మం గారి సొరంగంలో శత్రువులు గది దాటి వెంటపడతారనుకుంటే, ఏ పోరాటం ఏ గదికి చెందుతుందో తేల్చడం కష్టం. అనుభవాన్ని బట్టి నిండే పద్ధతి అయితే కుదురుతుంది. కానీ అప్పుడు దుర్బలుడైన ఆటగాడికి, ఎవరికైతే చార్జ్‌లు ఎక్కువ అవసరమో వాడికే, అవి తక్కువ దొరుకుతాయి. డబ్బు పెట్టి కొనుక్కునే దారి మిగిలి ఉండాలి. దీపమైతే ఆ దారిని తెరిచే ఉంచుతుంది కనుక నా ఓటు దీపానికే.

---

కోటగుమ్మం (హన్మకొండ)

మా శత్రువులు నిజంగానే వెంటపడతారు, కాబట్టి దీపంతోనే ముందుకు వెళుతున్నాము. 240 టర్న్‌ల గిద్దె, చేతిలోని దండమే నిండటం, ఆయుధాల అమ్మకం తీసివేత: ఈ మూడింటితో తరువాతి బిల్డ్ (ఆడి చూడదగిన కూర్పు) సిద్ధం చేస్తాము. చూపు రెండు గడులకు తగ్గించడం మా మూడవ మిత్రుడికి మరీ నచ్చింది.

ఒక్క సందేహం. లోతుకు పోయేకొద్దీ నూనె ధర పెంచాలా? షాటర్డ్ పిక్సెల్ డంజన్‌లో భోజనం ధర పెరుగుతుందని మెట్లబావి గారు చెప్పారు.

---

లోయర్ మానేరు (కరీంనగర్)

మీ నేల బంగారం అన్ని అంతస్తులలోనూ 40 మాడలే అయితే పెంచకండి. అక్కడ ధరతో పాటు నేల మీద దొరికే బంగారం కూడా లోతుతో పెరుగుతుంది. ఆదాయం పెరగకుండా నూనె మాత్రం పెరిగితే 12వ అంతస్తు దుకాణంలో ఆటగాడు నూనె తప్ప మరేమీ కొనలేడు.

మొదటి బిల్డ్‌లో నూనెను 20 మాడల దగ్గరే ఉంచి, లాగ్‌లో మూడు సంగతులు రాయించండి: ప్రతి దుకాణం నుంచి బయటకు వచ్చేటప్పుడు ఆటగాడి దగ్గర మిగిలిన మాడలు, సీసాలో ఉన్న గిద్దెలు, ముందు దుకాణం నుంచి ఇక్కడికి వచ్చేలోపు ‘ఆగు’ బటన్ మీద గడిపిన టర్న్‌లు. 12వ అంతస్తు దగ్గర చాలామంది సీసా నిండుగా, సంచిలో 100 మాడలకు పైగా మిగిల్చుకొని కనిపిస్తే నూనె మరీ చవక, అప్పుడు 25కి పెంచండి. సీసా ఖాళీగా ఉండి ‘ఆగు’ టర్న్‌లు కూడా సున్నాకు దగ్గరగా ఉంటే, ధర ముట్టుకోకుండా నేల మీద దొరికే గిద్దెలను పెంచండి.

---

కోటగుమ్మం (హన్మకొండ)

అలాగే చేస్తాము. బిల్డ్ సిద్ధం కాగానే ఇక్కడే లింకు పెడతాను. లాగ్ ఫైల్‌ను ఆట మూసేటప్పుడు కాపీ చేసుకునే బటన్ ఒకటి ఉంటుంది, ఆడినవారు దాన్ని ఈ దారంలోనే అతికిస్తే మాకు మేలు చేసినవారవుతారు.